అవతలింటి చెమ్మ

2022 జూన్. తొలకరి పడి వారం కూడా కాలేదు. తెనాలిలో నేను పనిచేసే పెయింట్ల షాపుకి రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. "గోడకి రంగు నిలవడం లేదమ్మా. ఏం వేయించినా ఊడిపోతోంది. మీ షాపు నుంచి ఎవరో వచ్చి చూసి చెప్తారంట గదా" అన్నారు ఒక పెద్దాయన. ఆ వచ్చి చూసి చెప్పే మనిషిని నేనే.

ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని చాలామందికి తెలియదు. రంగు వేసేది పెయింటర్లు. వేయకముందు గోడ ఎందుకు పాడైంది, ఏం చేస్తే రంగు నిలుస్తుంది అని చూసేది మేము. దీన్ని సైట్ ఇన్‌స్పెక్షన్ అంటారు. సివిల్ డిప్లొమా అయ్యాక వేరే ఉద్యోగం దొరక్క ఇందులో చేరాను. ఇప్పటికీ ఇందులోనే ఉన్నాను. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల నేను చూసిన గోడలు ఎన్నో. సముద్రపు గాలికి ఉప్పు పూసినవి, ఉప్పు ఇసకతో కట్టినవి, కాలవ గట్టున పునాదిలోంచి నీళ్ళు పీల్చుకున్నవి. వాటిలో చాలా వాటికి మందుంది. రేపల్లెలో నేను చూసిన ఈ గోడకి కూడా మందుంది. అందుకే అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పొద్దున ప్యాసింజర్‌కి రేపల్లెలో దిగి ఆ ఇంటికి వెళ్ళాను. పిలిచినాయన పేరు నాంచారయ్య. నిజాంపట్నం హార్బర్‌లో చేపలు కొని బయటి ఊళ్ళకి పంపించే వ్యాపారం. వాళ్ళ నాన్న బోట్ల మీద సంపాదించి టౌన్లో కట్టిన ఇల్లది. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ ఇంటిని నిలువునా రెండు వాటాలు చేసుకున్నారు. లోపలి తలుపులు మూసేసి ఇటుక పెట్టేశారు. ఒకే కప్పు, రోడ్డు వైపు పక్కపక్కనే రెండు గుమ్మాలు. ఒక దాంట్లో అన్న నాంచారయ్య, రెండో దాంట్లో తమ్ముడు కోటేశ్వరరావు.

పాడైన గోడ వెనక పడకగదిలో ఉంది. ఆ గదిలో మంచం మీద నాంచారయ్య గారి భార్య ధనలక్ష్మి గారు కూర్చుని ఉన్నారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. పక్కన మిషన్ ఆగకుండా చప్పుడు చేస్తోంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బని, గుంటూరులో చూపిస్తున్నామని నాంచారయ్య గారు చెప్పారు. "చెమ్మ, బూజు ఉన్న చోట ఆవిణ్ణి అసలు ఉంచొద్దన్నాడమ్మా డాక్టరు. అందుకే ప్యానెల్ వేయించాం" అన్నారు.

గోడ పొడుగునా పీవీసీ ప్యానెల్ బిగించి ఉంది. అంటే చెక్కలాగా కనిపించే ప్లాస్టిక్ పలకలు. పాడైన గోడని దాచడానికి ఈమధ్య అందరూ వేయిస్తున్నది ఇదే. చూడటానికి బాగుంటుంది. కానీ తడిసిన గోడ మీద ప్యానెల్ వేయడం అంటే చీము పట్టిన పుండు మీద కట్టు కట్టడమే. గాలి ఆడదు, గోడ ఆరదు, బూజు వెనకాల నిమ్మళంగా పెరుగుతుంది.

"ముందు అమ్మగారిని హాల్లోకి మార్చండి. తలుపు మూశాకే విప్పుతాను" అన్నాను. బూజుని పొడిగా కదిలిస్తే ఆ దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే మంచిది కాదు.

నాలుగు పలకలు విప్పేసరికి వాసన గుప్పుమంది. నేల నుంచి గుండె ఎత్తు వరకు గోడ నల్లగా ఉంది. పుట్టీ పేలాలు పేలినట్టు లేచిపోయింది. మాయిశ్చర్ మీటర్ తీశాను. రెండు సూదులు గోడకి గుచ్చితే లోపల చెమ్మ ఎంతుందో చూపించే చిన్న పరికరం అది. గదిలో మిగతా మూడు గోడలూ పొడిగానే ఉన్నాయి. పునాదిలోంచి ఎక్కే చెమ్మయితే అన్ని గోడలకీ అడుగున ఒక పట్టీలాగా వస్తుంది. వాన చెమ్మయితే పైనుంచి దిగుతుంది. ఇక్కడ ఒక్క గోడకే, అదీ ఒక మూల మోకాలెత్తులో అన్నిటికంటే ఎక్కువగా ఉండి, అక్కడినుంచి చుట్టూ పాకింది. అలాంటి మచ్చ కనిపిస్తే అవతల ఏదో కారుతోందని అర్థం.

"గోడకి అవతల ఏముందండి?" అని అడిగాను.

నాంచారయ్య గారు తల తిప్పుకున్నారు. హాల్లోంచి ధనలక్ష్మి గారే జవాబు చెప్పారు. "మా మరిది గారి బాత్రూమ్ అమ్మా."

"అయితే సమస్య ఇక్కడ లేదండి. అక్కడుంది. అక్కడ బాగుచేస్తే ఇది దానంతటదే ఆరుతుంది."

"అక్కడ చెయ్యరులే. ఇటు ఏం చెయ్యాలో అది చెప్పు" అన్నారు నాంచారయ్య గారు.

ఇద్దరన్నదమ్ములకీ ఆరేడేళ్ళుగా మాటలు లేవు. కారణం ధనలక్ష్మి గారే దాచకుండా చెప్పారు, రెండేసి మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ. కోటేశ్వరరావు గారి కూతురు శిరీషకి బాపట్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. తాంబూలాల దాకా వెళ్ళింది. అబ్బాయి తల్లి ఒకరోజు ధనలక్ష్మి గారిని విడిగా కలిసి, పిల్లకి చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా అని అడిగింది. "ఫిట్స్ వచ్చేవి. పదేళ్ళు నిండాక మళ్ళీ రాలేదు అని చెప్పానమ్మా. ఉన్నదే చెప్పాను. వాళ్ళు మళ్ళీ రాలేదు." శిరీషకి ఆ తర్వాత ఏ సంబంధమూ కుదరలేదు. ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటోంది.

ధనలక్ష్మి గారిని వేరే గదిలో ఉంచొచ్చు కదా అని చదివేవాళ్ళకి అనిపిస్తుంది. నేనూ అదే అడిగాను. ఆ ఇంట్లో మంచం పక్కనే బాత్రూమ్ ఉన్న గది అదొక్కటే. రెండో బాత్రూమ్ పెరట్లో ఉంది. పది అడుగులు వేస్తే ఆవిడకి పెదవులు నీలంగా మారేవి. అంతకుముందు ఒకసారి హాల్లోకి మార్చి చూసి, పెరట్లోకి వెళ్ళలేక పడిపోతే మళ్ళీ గదిలోకే తెచ్చారట.

ఆ రోజే పక్క గుమ్మంలోకి వెళ్ళాను. కోటేశ్వరరావు గారు బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్. భార్య సుశీల గారు మజ్జిగ ఇచ్చారు, మర్యాదగానే కూర్చోబెట్టారు. విషయం చెప్పేసరికి ఇద్దరి మొహాలూ మారిపోయాయి.

"మా బాత్రూమ్‌లో ఏ లోపమూ లేదమ్మా. నీళ్ళు బాగానే పోతున్నాయి" అన్నారు ఆయన.

"పైకి బాగానే పోతాయి బాబాయి గారూ. నేల అడుగున నహానీ ట్రాప్ దగ్గర చీలిందేమో చూడాలి." నీళ్ళు పోయే జాలీ కింద ఉండే గిన్నె లాంటి దాన్ని నహానీ ట్రాప్ అంటారు. దాని చుట్టూ సిమెంటు వదిలితే రోజూ కొంచెం కొంచెంగా నీళ్ళు గోడలోకి పోతాయి. వాడేవాళ్ళకి తెలియదు. బాధంతా అవతలివాళ్ళది.

"చూడనక్కర్లేదు" అన్నారు సుశీల గారు. ఆవిడ గొంతు పెంచలేదు. "మా పిల్ల బతుకు ఆవిడ ఒక్క మాటతో ఆగిపోయింది. మేము ఎవరికి చెప్పుకున్నాం? ఎవరొచ్చి బాగుచేశారు?"

మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

నాంచారయ్య గారిని మునిసిపాలిటీలో చెప్పమన్నాను. "సొంత తమ్ముడి మీద కాగితం పెట్టమంటావా? మా ఆవిడ ఒప్పుకోదు, నేనూ పెట్టను" అన్నారు. ఇక చేయగలిగింది ఇవతలివైపే. పగలు ధనలక్ష్మి గారిని హాల్లో ఉంచి, బూజు మీద ఫంగిసైడ్ ద్రావణం కొట్టి, తడిగా ఉండగానే గోకించాం. గుండె ఎత్తు దాకా ప్లాస్టరింగ్ కొట్టేసి ఇటుక బయటపెట్టాం. ఇటుకకి చెమ్మ తట్టుకునే ఎపాక్సీ కోటింగ్ రెండు పొరలు వేయించాను. నెగటివ్ సైడ్ వాటర్‌ప్రూఫింగ్ అంటారు దీన్ని. నీళ్ళు వచ్చే వైపు కాకుండా బయటపడే వైపు అడ్డం పెట్టడం. గత్యంతరం లేనప్పుడు చేసేది. ఒంటి ఇటుక గోడకి, రోజూ నీళ్ళు తాగుతున్న గోడకి, అది ఎక్కువ కాలం ఆగదని ముందే చెప్పాను. కొద్దిరోజులకే కోటింగ్ పైఅంచు దాటి చెమ్మ తల ఎత్తు దాకా ఎక్కింది. దారి మూస్తే నీళ్ళు ఇంకో దారి వెతుక్కుంటాయి.

నేను మళ్ళీ చూడటానికి వెళ్ళినప్పుడు శిరీష సందు చివర నా కోసం నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, మాట నెమ్మది. "పెద్దమ్మ దగ్గు మా బాత్రూమ్‌లోకి వినిపిస్తుందండి. స్నానం చేస్తుంటే వింటూ ఉంటాను. మా వాళ్ళు ఊళ్ళో లేరు. ఏం చూడాలో చూడండి" అంది.

షాపులో రంగు కలిపే నీలం స్టెయినర్ నా సంచీలో ఉంది. దాన్ని బకెట్ నీళ్ళలో కలిపి ఆ జాలీలో పోశాం. ఇవతల కోటింగ్ పెచ్చులు లేచిన చోట గోకి ఇటుకల మధ్య సందులు బయటపెట్టాను. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి ఆ మూల రెండు ఇటుకల మధ్య నీలం గీత సన్నగా కారుతోంది. ఇంట్లో లీకు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. దానితో నిజం తేలింది. నిజం తేలితే పని అవుతుందని నేను అనుకున్నాను.

ఫోటో తీసి కోటేశ్వరరావు గారికి చూపించాను. చాలాసేపు చూశారు. "నీళ్ళు మావేలే. కాదనను" అన్నారు. తర్వాత, "ఒక్కసారి ఆవిణ్ణి మా గుమ్మంలోకి వచ్చి తప్పయిందని మా ఆవిడతో అనమను. మర్నాడే పగలగొట్టిస్తాను."

ఈ మాట నాంచారయ్య గారికి చెప్తే మండిపడ్డారు. "చచ్చినా వద్దు" అన్నారు. మరో రెండు రోజులకి ధనలక్ష్మి గారు నాకు ఫోన్ చేసి, ఆయన హార్బర్‌కి వెళ్ళే టైము చెప్పి, ఆ టైముకి రమ్మన్నారు.

చిన్న ఆక్సిజన్ సిలిండర్ నేను పట్టుకున్నాను. ఆవిడ నా భుజం పట్టుకుని నడిచారు. గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత దూరమో లేదు. దారిలో రెండుసార్లు ఆగారు. సుశీల గారు వరండాలో ఆరిన బట్టలు మడత పెడుతున్నారు. తోడికోడల్ని చూసి లేచి నిలబడ్డారు.

"సుశీలా, ఆ రోజు వాళ్ళు అడిగారు. నేను చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. తప్పయింది" అన్నారు ధనలక్ష్మి గారు.

సుశీల గారి చేతిలో దుప్పటి అలాగే ఉంది. దాన్ని మడత పెట్టి అన్నారు, "ఇప్పుడు గోడ కోసం వచ్చావు కదక్కా."

"అవునే. గోడ కోసమే వచ్చాను. ఊపిరాడటం లేదు."

శిరీష లోపల్నుంచి స్టూలు తెచ్చి పెద్దమ్మని కూర్చోబెట్టింది. వీపు నిమురుతూ తల్లి వైపు చూసింది. "అమ్మా, ఆవిడ చెప్పింది అబద్ధం కాదు కదా. ఆ మాట వాళ్ళకి మనమే ముందు చెప్పాల్సింది." సుశీల గారు మొహం తిప్పుకుని, "ఆయన రానీ, చెప్తాను" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఏముందో నాకు అంతుపట్టలేదు.

సాయంత్రం కోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. "పని చేయిద్దామమ్మా. కాకపోతే ఆషాఢం వస్తోంది. శూన్యమాసంలో ఇల్లు పగలగొట్టే పని పెట్టుకోం. శ్రావణం రానీ."

నేను ఎన్నో రకాలుగా చెప్పి చూశాను. ఆయనది మొండితనం కాదు. నిజంగానే భయం. ఒకసారి ఇంట్లో జరగకూడనిది జరిగినవాళ్ళకి అలాంటి భయాలు ఎక్కువ. "సరే, అప్పటిదాకా బాత్రూమ్ వాడకండి" అన్నాను. శిరీష తాళం వేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకుంది. ముగ్గురూ తమ పెరట్లో బాత్రూమ్ వాడుకున్నారు.

ఆ రోజుల్లో గోడ ఆరడం మొదలైంది. వెళ్ళినప్పుడల్లా మీటర్ తక్కువ చూపించేది. "వాసన తగ్గిందమ్మాయ్. రాత్రి కాస్త కునుకు పట్టింది" అన్నారు ధనలక్ష్మి గారు. నాంచారయ్య గారు నన్ను టిఫిన్ తినకుండా పోనివ్వలేదు. తెనాలి వెళ్ళే రైల్లో కూర్చుని, ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను.

తర్వాత ముసురు పట్టింది. పెరడంతా నీళ్ళు నిలిచాయి. సుశీల గారు పాచికి జారి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇక పెరట్లోకి ఎలా వెళ్తారు? తాళం తీశారు. ఎవర్ని తప్పుపట్టను? నేనైనా తీసేదాన్నే. మళ్ళీ గోడ తడిసింది. వాన చల్లదనం కూడా తోడై, ఈసారి బూజు అంతకుముందు పట్టని ఇటుకల మీదికి కూడా పాకింది. ఎన్నిసార్లు కడిగించినా వారం తిరగకుండా వచ్చేది.

శ్రావణం వచ్చింది. అప్పటికి సముద్రంలో వేట జోరుగా సాగుతోంది, బోట్ల ఇంజన్లు వరసపెట్టి మరమ్మతుకి వస్తున్నాయి. కోటేశ్వరరావు గారు హార్బర్‌లోనే ఉండిపోయేవారు. మాట్లాడి పెట్టిన చెరుకుపల్లి మేస్త్రి ఇంకో చోట పనికి ఒప్పుకున్నాడు. వరలక్ష్మీ వ్రతం అయ్యాక మొదలుపెడదామనుకున్నారు. వ్రతం వెళ్ళిన మూడో రోజు ధనలక్ష్మి గారిని గుంటూరు తీసుకెళ్ళారు. మళ్ళీ ఆ ఇంటికి ప్రాణంతో రాలేదు.

నేను వెళ్ళేసరికి వాకిట్లో జనం ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ ఒకే అరుగు మీద చెరో చివర కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకోలేదు. సుశీల గారు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని లోపల ఒక మూల కూర్చున్నారు. ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు కోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. "రేపు పగలగొట్టిద్దామమ్మా" అన్నారు. ఏ మాసమో, ఏ వారమో చూడలేదు.

పని మామూలు పనే. టైల్స్ లేపితే నహానీ ట్రాప్ అంచు చిట్లి ఉంది. దాని అడుగున మట్టి బురదలా అయిపోయింది. కొత్త ట్రాప్ పెట్టి, పైపు చుట్టూ సందులు పూడ్చే గ్రౌట్ నింపి, నేలకీ గోడ అడుగుకీ జాలీగుడ్డతో వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేశాం. ఆరాక నీళ్ళు నింపి ఒకరోజు వదిలేసి చూశాం. దిగలేదు. దీన్ని పాండింగ్ టెస్ట్ అంటారు. ఇది చేయకుండా టైల్స్ వేయనివ్వకండి. కోటేశ్వరరావు గారు పనికి పోకుండా అక్కడే నిలబడ్డారు. మేస్త్రి భోజనానికి వెళ్ళినప్పుడు అడిగారు.

"ఇది ముందే చేయించి ఉంటే మా వదిన బతికేదా అమ్మా?"

"నాకు తెలియదండి. జబ్బు అప్పటికే ముదిరిందన్నారు డాక్టరు గారు. ఆ చెమ్మలో ఉంచొద్దన్నది కూడా ఆయనే."

ఆయన తల ఊపి బయటికి వెళ్ళిపోయారు. నేను ఇంకోలా చెప్పి ఉండొచ్చు. చెప్పినా ఆయన నమ్మేవారు కాదు.

లీకు ఆపగానే గోడ ఆరదు. తాగిన నీళ్ళు వదలడానికి నెలలు పడుతుంది. తొందరపడి పుట్టీ పెడితే మళ్ళీ ఊడుతుంది. సంక్రాంతి వెళ్ళాక ఎండలు ముదురుతుండగా నాంచారయ్య గారి ఇంటికి వెళ్ళాను. ఆయన గది తలుపు తీసి పక్కకి నిలబడ్డారు. మంచం లేదు, మిషన్ లేదు. గోడ ఎర్రగా, పొడిగా ఉంది.

"ఆరిందా?"

"ఆరిందండి. ఇక ప్లాస్టరింగ్ చేసుకోవచ్చు."

ఆయన ఇటుక మీద అరచెయ్యి పెట్టి ఉంచారు. "అవతల పని ఎన్నాళ్ళు పట్టింది?"

"నాలుగు రోజులండి."

ఆయన చెయ్యి తీయలేదు. నేను చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. ఆ గోడకి రంగు వేయమని ఆయన నన్ను పిలవలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పడానికి చిన్నది. చెమ్మకి కారణం కనిపించే వైపున ఉండదు, కనిపించే వైపున ఎంత రంగు పూసినా అది వృథా. ఇది పుస్తకంలోనే ఉంది. పుస్తకంలో లేనిది, అవతలివైపుకి వెళ్ళడానికి దారి ఉండాలని. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా మీటర్ తీయకముందే అడుగుతాను. అవతల ఎవరుంటారండి, వాళ్ళతో మీకు మాటలున్నాయా అని. ఉన్నాయంటే పని మొదలుపెడతాను. లేవంటే, ముందు వెళ్ళి మాట్లాడి రండి, వానలు రాకముందే వెళ్ళండి అంటాను. ఎక్కువమంది, మేము వెళ్ళలేం, నువ్వే చెప్పి చూడమ్మా అంటారు. వెళ్తాను. మజ్జిగ ఇస్తారు, మర్యాదగా కూర్చోబెడతారు. ఆ తర్వాత ఉత్త చేతులతో తిరిగొస్తాను.